వట్టి బ్రాకెట్

నేను చేసిన ఉద్యోగానికి పేరు లేదు. మంగళగిరిలో మా వీధివాళ్ళు అడిగితే మా అమ్మ, "బెజవాడ అచ్చాఫీసులో బ్రాకెట్లు పెడుతుందండీ" అని చెప్పేది. విన్నవాళ్ళు అర్థమైనట్టే తలూపేవారు. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల పొద్దున్నే బస్సెక్కి బ్యారేజీ దాటి ఉద్యోగానికి వెళ్ళడమే వాళ్ళకు వింత. అక్కడ ఏం పెడుతుందన్నది తరవాతి సంగతి. నిజానికి మా అమ్మ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆ డెబ్బైల చివరి ఏళ్ళలో నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెట్టినవి బ్రాకెట్లే.

ఈమధ్య కంప్యూటర్ చదువుకునే పిల్లలు కొందరు మా ఇంటికొచ్చి, మీ కాలంలో బెజవాడలో కంప్యూటర్లు ఉండేవా అని అడిగారు. మేం పనిచేసిన చోట లేవు. కంప్యూటర్ లేకుండానే ఒక కంప్యూటర్ భాష అక్కడ పుట్టింది, కొన్నాళ్ళు బతికింది, పోయింది. దాని గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ భాషలో ఒక చిన్న నియమం ఉండేది. దాని వల్ల ఒక మనిషి పుట్టిల్లు రెండోసారి కొట్టుకుపోబోయింది. ఆ సంగతి మీలాంటివాళ్ళకు తెలియాలని రాస్తున్నాను.

ఆ భాషను కట్టింది మా మాస్టారు. అంతకుముందు ఆయన కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఒక వేసవిలో ఏదో శిక్షణకని మద్రాసు వెళ్ళి, అక్కడ లిస్ప్ అనే భాష చూసి, ఆ పిచ్చితోనే తిరిగొచ్చారు. అందులో అంతా బ్రాకెట్లే. బ్రాకెట్ తెరవగానే వచ్చే మొదటి మాట ఏం చెయ్యాలో చెబుతుంది, మిగతావి దేనితో చెయ్యాలో చెబుతాయి. బ్రాకెట్‌లో బ్రాకెట్, దాంట్లో మరొకటి, ఎంత లోతుకైనా పోవచ్చు. పుస్తకం కూడా అంతే కదా అని మాస్టారికి తట్టింది. పుస్తకంలో అధ్యాయం, అధ్యాయంలో శీర్షిక, శీర్షిక కింద పంక్తులు. కాబట్టి ఆ లిస్ప్‌ను అచ్చు పనికి సరిపోయేలా కత్తిరించి, మన మాటలతో ఒక కొత్త భాష చేస్తానని ఉద్యోగం మానేసి మా ప్రెస్సులో చేరారు. మా యజమానికి అది ఏమీ అర్థం కాలేదు గానీ, లెక్కల మాస్టారు ప్రెస్సులో ఉంటే పరువని ఒప్పుకున్నాడు.

పని ఇలా సాగేది. రాతప్రతికి నేను ఆ భాషలో బ్రాకెట్లు కట్టి గళ్ళ కాగితాల మీద రాసేదాన్ని. వాటిని మాస్టారు తువ్వాలులో మూటగట్టుకుని మద్రాసు రైలెక్కేవారు. అక్కడ ఒక సంస్థలో కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు బయటివాళ్ళకు ఇచ్చేవారు. దానికి తెలుగు రాదు. అందుకని మా అక్షరాలన్నిటికీ అంకెలు ఇచ్చాం. ఏ అక్షరం, పంక్తి ఎక్కడ తెగాలి, ఎంత ఖాళీ వదలాలి, పేజీ ఎక్కడ ముగియాలి అన్నీ అది లెక్కగట్టి, వెడల్పాటి కాగితాల మీద వరసగా అంకెలు కొట్టిచ్చేది. ఆ అంకెలు చూసి మా మోనోటైపు పోత యంత్రం ఆపరేటర్ మీటలు నొక్కితే, సీసపు అక్షరాలు పోత పోసుకుని వచ్చేవి.

ఆపరేటర్ మా అందరికంటే పెద్దవాడు, నోటి దురుసు మనిషి. మాస్టారికి మాట ముగించినప్పుడల్లా చూపుడు వేలితో గాల్లో బ్రాకెట్ మూసే అలవాటు ఉండేది. "ఈయన భోజనానికి కూర్చుంటే విస్తరి చుట్టూ ముందు బ్రాకెట్ గీసుకుంటాడమ్మా" అని ఆపరేటర్ నాతో అనేవాడు. మాస్టారు విని నవ్వేవారు. కోపం ఒక్కదానికే వచ్చేది. నేను తెరిచిన బ్రాకెట్ మూయడం మరిచిపోతే ఆ పూటంతా నాతో మాట్లాడేవారు కాదు.

మాకు మొదట దొరికిన పెద్ద పని ఆటోనగర్‌ది. లారీల స్పేరుపార్టులు అమ్మే షావుకారు ఒకాయన ప్రతి సీజనుకూ క్యాటలాగు వేయించేవాడు. ఏ బండికి ఏ సామాను, దాని కింద రకాలు. సరుకు తెప్పించినప్పుడల్లా సగం పేజీలు మారిపోయేవి, అందుకే ఆ పనికి మాస్టారి భాష అతికినట్టు సరిపోయింది. షావుకారుకు రెండు బాధలుండేవి. సరుకు అయిపోయినా శీర్షిక మాత్రం పుస్తకంలో ఉండిపోవడం ఒకటి. అది చూసి బేరగాళ్ళు తగువుకొచ్చేవారు. ఒకే సామాను రెండు చోట్ల పడి, రెండు ధరలు కనిపించడం ఇంకొకటి.

మాస్టారు రెంటికీ మందు వేశారు. లిస్ప్‌లో లోపల ఏమీ లేని వట్టి బ్రాకెట్‌కూ, "లేదు" అన్న మాటకూ తేడా ఉండదు. దాన్ని పట్టుకుని, ఏ శీర్షికలోనైనా మొదటి జాబితా వట్టి బ్రాకెట్ అయితే ఆ శీర్షిక మొత్తం అచ్చు కాకుండా మాయమయ్యేలా నియమం పెట్టారు. ఒక పేరు పుస్తకంలో ఒక్కచోటే పడాలని రెండో నియమం. ఆ సీజను క్యాటలాగు అద్దంలా వచ్చింది. షావుకారు మురిసిపోయి బందరు లడ్డూల బుట్ట పంపించాడు. మేమందరం తిన్నాం. ఆ నియమాల గురించి మళ్ళీ ఎవరం ఆలోచించలేదు.

ఆ తరవాత ఉప్పెన వచ్చింది. దాని గురించి నేను చెప్పగలిగింది తక్కువ. మా వైపు చెట్లు పడ్డాయి, కప్పులు లేచిపోయాయి. దివిసీమలో సముద్రం ఊళ్ళ మీదికే వచ్చింది. కొన్ని వారాల పాటు ప్రెస్సులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆపరేటర్ కూడా నోరు కట్టేసుకున్నాడు.

నెలలు గడిచాక ఒక సంఘ పెద్ద మా ప్రెస్సుకు వచ్చారు. అటువైపు చర్చీలన్నిటి తరఫున వచ్చారాయన, రిటైరైన హెడ్మాస్టరు. ఏడాది తిరిగే రోజున జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామని, దానికొక పుస్తకం కావాలని అన్నారు. చనిపోయినవాళ్ళలో చాలామందికి విడిగా సమాధి లేదు. దొరికినవాళ్ళను దొరికిన చోటే కలిపి పూడ్చారు. దొరకనివాళ్ళు దొరకనే లేదు. పేరు రాసి ఉండే చోటు ఒకటి కావాలి కదండీ అన్నారాయన.

పుస్తకంలో ఇంటిపేరు, దాని కింద ఉన్నవారు, ఆ కింద పోయినవారు. ఉన్నవారినే ముందు వేయమన్నది ఆయనే. కూడికలో పాస్టరుగారు ఒక్కో ఇల్లూ చదువుతారు. ఉన్నవారి పేర్లు పిలుస్తుంటే వాళ్ళు లేచి నిలబడి "ఉన్నాను" అనాలి. ఆ తరవాత పోయినవారి పేర్లు చదువుతారు. హెడ్మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది, కూడికకు కూడా హాజరు పట్టీ పెట్టారు. కానీ ఆయన అది చెబుతున్నప్పుడు మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఊరూరా తిరిగి ఇళ్ళ వివరాలు వాళ్ళే రాసుకొచ్చారు. పెళ్ళయిన ఆడపిల్లను అత్తగారింటి మనిషిగా అక్కడే రాశారు. అది ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేని పద్ధతి. మా ఇంట్లోనూ అంతే. నేనూ అలాగే బ్రాకెట్లు కట్టాను. ఇల్లు అని తెరవడం, ఉన్నవారు, పోయినవారు, మూయడం. కొన్ని ఇళ్ళలో ఉన్నవారు అని రాసి బ్రాకెట్ తెరిస్తే, లోపల రాయడానికి పేరు ఉండేది కాదు. తెరిచిన వెంటనే మూసెయ్యడమే. అలాంటి ఇల్లు వచ్చినప్పుడు పెన్ను పక్కన పెట్టి కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చునేదాన్ని.

మాస్టారు మద్రాసు వెళ్ళి అంకెల కాగితాలతో వచ్చారు. పోత అయింది, ప్రూఫులు వచ్చాయి. ఆపరేటర్ ప్రూఫు పైకి చదువుతుంటే నేను కంప్యూటర్ ఇచ్చిన అంకెల కాగితంతో సరిచూశాను. అక్షరం పొల్లుపోలేదు. మా ప్రెస్సులో పద్ధతి అదే. రాతప్రతి నలిగిపోయి, కొట్టివేతలతో ఉంటుంది కాబట్టి, దాన్ని ఒకసారి బ్రాకెట్లలోకి ఎక్కించాక మళ్ళీ తిరిగి చూసేవాళ్ళం కాదు. పుస్తకం అనుకున్నదానికంటే పలచగా వచ్చింది. తన పేజీ లెక్కలు అంత పొదుపుగా కుదిరాయని మాస్టారు సంతోషించారు.

అచ్చయిన కాగితాలు మడత పెడుతున్న రోజున, మధ్యాహ్నం పూట ఒకావిడ వచ్చింది. పెద్దాసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, తెల్లచీర మీదే ఉంది. కూడిక రోజున అందరిలో మొదటిసారి చూస్తే తట్టుకోలేనేమోనని, ముందుగా ఒకసారి చూసుకుని వెళ్తానని అడిగింది. కుర్చీ వేసి కాగితాలు ముందు పెట్టాను. అత్తగారి ఇల్లు వెంటనే దొరికింది. ఉన్నవారిలో ఆమె భర్త, ఆమె, పిల్లలు. పోయినవారిలో ఆమె అత్తగారు. ఆ పేరు మీద వేలుపెట్టి కాసేపు ఉండి, మళ్ళీ పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"మా పుట్టింటివాళ్ళు ఏ పేజీలో ఉన్నారమ్మా?" అని అడిగింది.

ఇంటిపేరు, ఊరు చెప్పింది. సముద్రానికి ఆనుకుని ఉన్న ఊరు. ఆ ఇల్లు నాకు బాగా గుర్తుంది. అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్ళు, మరదలు, చంటిపిల్ల. నేనే రాశాను. అందుకని ధైర్యంగా వెతికాను. లేదు. కాగితాలు తారుమారయ్యాయేమోనని మడతపెట్టినవన్నీ విప్పించాను. లేదు. నా గళ్ళ కాగితం తీస్తే అందులో ఉంది. ఉన్నవారు, తెరిచిన బ్రాకెట్, మూసిన బ్రాకెట్, కింద వాళ్ళందరి పేర్లు.

మాస్టారిని పిలిచాను. ఆయన నా కాగితం ఒకటికి రెండుసార్లు చూశారు. తరవాత గళ్ళ కాగితాల కట్టంతా ముందేసుకుని, వట్టి బ్రాకెట్ ఉన్న ఇంటినల్లా తీసి అచ్చులో వెతికారు. ఒక్కటీ లేదు. ఎవరో ఒకరు మిగిలిన ఇళ్ళన్నీ పుస్తకంలో ఉన్నాయి. ఎవరూ మిగలని ఇల్లు ఒక్కటి కూడా లేదు. సరుకు లేని శీర్షికలను తీసేసినట్టే మా భాష ఆ ఇళ్ళను తీసేసింది. తప్పు చెయ్యలేదు, చెప్పినట్టే చేసింది. ఆయన ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

యజమాని వచ్చి, పుస్తకం చివర తప్పిపోయిన ఇళ్ళతో ఒక చీటీ అతికిద్దామన్నాడు. అచ్చాఫీసుల్లో అది మామూలే. నర్సుగారు లేచి నిలబడి, గొంతు పెంచకుండానే జవాబు చెప్పారు.

"చీటీ మీదా అండీ మావాళ్ళు? ఊడిపోయి పడిపోతే ఎవరు ఏరుకుంటారు?"

యజమాని లోపలికి వెళ్ళి, ఎన్ని కాగితాలు పాడైనా సరే, మళ్ళీ వెయ్యమని చెప్పించాడు. ఆయన గురించి మేం వెనక ఎన్నో అనుకునేవాళ్ళం గానీ, ఆ రోజు మాత్రం గొప్పగా నిలబడ్డాడు.

చిక్కల్లా కంప్యూటర్‌తోనే వచ్చింది. కూడిక దగ్గరపడింది, మద్రాసులో అప్పటికప్పుడు దొరకదు. ఆపరేటర్ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఈయన యంత్రం ఈయన్నే ముంచింది అంటాడేమో అనుకున్నాను. అనలేదు. "అంకెలు ఇవ్వండి మాస్టారూ, ఎవరు ఇచ్చినా నాకొకటే. నొక్కేది నేనేగా" అన్నాడు.

అప్పుడు మాస్టారు, "యంత్రం మనుషులు చెయ్యలేనిదేమీ చెయ్యదమ్మా. విసుక్కోకుండా చేస్తుంది, అంతే. మనమూ విసుక్కోకుండా చేద్దాం" అన్నారు. ప్రెస్సు ముందు గదిలో చాప పరిచి కూర్చున్నాం. ఆయన మొదట చేసిన పని, ఇల్లు అన్న మాటకు నియమం మార్చి రాయడం. ఉన్నవారు వట్టిదైనా ఇంటిపేరు పడాలి, పోయినవారు పడాలి. తరవాత కంప్యూటర్ చేసిన పనే మేం చేశాం. లోపలి బ్రాకెట్‌తో మొదలుపెట్టి పైకి వస్తూ, ఒక్కో పేరుకూ నేను అక్షరాల వెడల్పులు కూడి చెబుతుంటే, ఆయన పంక్తి తెగే చోటు చూసి అంకెలు వేసేవారు. మా నాన్న మగ్గం మీద అంచు ఎత్తేటప్పుడు ఇలాగే పైకి లెక్కపెట్టుకునేవాడు. తప్పు వస్తే ఒక్క పోగు కోసం జానెడు విప్పేవాడు. మేమూ అలాగే విప్పి, మళ్ళీ కట్టాం.

నర్సుగారి పుట్టింటి దగ్గరకు వచ్చాక మాస్టారు ఆగారు. నియమం మార్చడం మార్చారు గానీ, ఉన్నవారు అన్న మాట కింద ఆ ఖాళీలో ఏం వెయ్యాలో ఆయనకు తేలలేదు. మర్నాడు కబురు పంపి, ఆమె, సంఘ పెద్ద ఇద్దరూ వచ్చాక అడిగారు.

"అమ్మా, ఉన్నవారు అన్నచోట గీత వెయ్యమంటారా, ఎవరూ లేరు అని వెయ్యమంటారా?"

ఆమె కాగితం వైపు చూసింది. తరవాత మాస్టారి ముఖంలోకి చూసి, "నేను లేనా అండీ?" అంది.

అంతసేపూ ఆమె ఇల్లు ఎవరూ మిగలని ఇల్లని మేమందరం అనుకుంటూ వచ్చాం. ఆమె ఎదురుగా కూర్చుని ఉండగానే అనుకున్నాం. ఆ వట్టి బ్రాకెట్ రాసింది నేను. నా చేత రాయించింది కంప్యూటర్ కాదు, మా ఇంట్లో నాకు తెలియకుండానే నేర్చుకున్న లెక్క.

సంఘ పెద్ద మెల్లగా సర్దిచెప్పబోయారు. ఆమె పేరు అత్తగారింట్లో పడిందని, పెళ్ళయిన పిల్లను రెండు ఇళ్ళలో చూపించడం పద్ధతి కాదని, పుస్తకమంతటా ఒకే తీరు పాటించామని అన్నారు. చెడ్డగా చెప్పలేదు. ఆయనకు తెలిసిన ప్రపంచం అది. ఆమె వాదించలేదు. తల వంచుకుని చీర కొంగు అంచు సరిచేసుకుంటూ కూర్చుంది. ఇంకొక నిమిషం అలాగే గడిస్తే, సరే అనేసి వెళ్ళిపోయేదే.

నాకు భయం సంఘ పెద్ద గురించి కాదు, మాస్టారి గురించి. ఒక పేరు ఒక్కచోటే అన్నది ఆయన నియమం. ఒక్క బ్రాకెట్ మూయకపోతేనే నాతో మాట్లాడని మనిషి.

మాస్టారు కళ్ళజోడు తీశారు. "నేను నేర్చుకున్న భాషలో ఆ కట్టుబాటు లేదండీ. ఒకే పేరు రెండు జాబితాల్లో ఉండొచ్చు. రెంటికీ సొంతమే అవుతుంది, దేనికీ తక్కువ కాదు. ఒక్కచోటే ఉండాలని నేను పెట్టాను. స్పేరుపార్టుల కోసం పెట్టాను" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అది తీసేస్తున్నాను" అన్నారు.

సంఘ పెద్ద ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో నాకు తెలియదు. ఆయన లేచి, "ఒక్కరికి వేస్తే తప్పవుతుందండీ. మిగతా ఇళ్ళ ఆడపిల్లల్ని కూడా కనుక్కోవాలి" అని గొడుగు తీసుకుని బయల్దేరారు. ఆ ఊళ్ళకు సైకిళ్ళ మీద మనుషుల్ని పంపించారు. కొన్ని వట్టి బ్రాకెట్లలోకి పేర్లు వచ్చాయి. గుడివాడ నుంచి ఒకామె, ఏలూరు నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు. కొన్నిటిలోకి ఎవరూ రాలేదు. వాటిని ఖాళీగానే ఉంచి, ఇంటిపేరుతో సహా వేశాం.

ఆ తరవాత మాస్టారి భాష ఎక్కువ కాలం నిలవలేదు. మద్రాసులో బయటివాళ్ళకు కంప్యూటర్ ఇవ్వడం ఆపేశారు, ఆయన ఏదో ట్యుటోరియల్లో మళ్ళీ లెక్కలు చెప్పుకున్నారు. నేను మరో ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ రిటైరయ్యాను. ఇప్పుడు మీరు రాసేవి మా బ్రాకెట్ల కంటే వెయ్యి రెట్లు తెలివైనవని నాకు తెలుసు. వాటిలో ఎక్కడో ఒకచోట, ఖాళీగా ఉంటే వదిలెయ్యి అని మీరూ రాస్తారు. రాయక తప్పదు. రాసేముందు ఆ ఖాళీ ఎవరిదో ఒకసారి కనుక్కోండి. ఇంతకంటే నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కూడికకు మమ్మల్ని కూడా పిలిచారు. మాస్టారు, ఆపరేటర్, నేను వెనక బెంచీలో కూర్చున్నాం. పాస్టరుగారు పుస్తకం తెరిచి ఒక్కో ఇల్లూ చదివారు. పిలిచినవాళ్ళు లేచి ఉన్నాను అని నిలబడుతున్నారు. ఉన్నవారు లేని ఇల్లు వచ్చినప్పుడు, ఎవరో లేస్తారన్నట్టే ఆయన అంతసేపూ ఆగి, అప్పుడే పోయినవారి పేర్లు మొదలుపెట్టేవారు. నర్సుగారి అత్తగారిల్లు వచ్చింది. భర్త, ఆమె, పిల్లలు లేచారు. అందరి గొంతుల్లో ఆమె గొంతు మాకు వినిపించలేదు.

చాలా పేజీల తరవాత ఆమె పుట్టింటి పేరు వచ్చింది. ఆమె చిన్నకూతురు లేవబోతే తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఉన్నవారు అని చదివి పాస్టరుగారు ఆమె పేరు పిలిచారు. ఆమె ఒక్కతే లేచింది.

"ఉన్నాను" అంది. ఈసారి వెనక బెంచీలో ఉన్న మాకు కూడా వినిపించింది.